వెనక చక్రాలు

స్టేషన్ గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. నాలుగింటికి నగేష్‌ను మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతారు. ఆ తర్వాత అతనేం మొత్తుకున్నా వినే తీరిక ఎవరికీ ఉండదు. ఇప్పుడు మాత్రం ఎవరికుంది కనుక అనుకుంటూ అరుంధతి బెంచీ మీద అతని పక్కనే కూచుంది.

ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలకు సర్వేయరుగా నుజ్జయిన కార్లు చూసీ చూసీ విసుగెత్తి, ఆ ఉద్యోగం వదిలేసి, చిక్కడపల్లిలో ఒక మేడ మీది గదికి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి ఆమె. బోర్డు మారింది గాని బతుకేమీ మారలేదు. ఎవరో ఒకరు పోయాకే ఆమె అవసరం పడుతుంది.

ఈసారి పోయినవాడు అశోక్‌నగర్ సుమంత్. గురువారం పొద్దున ఐదూ యాభైకి, సన్నటి వానలో, తన ముప్పై ఏళ్ళనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో లోయర్ ట్యాంక్‌బండ్ మలుపు తిరుగుతుండగా బండి వెనక భాగం జారి, గిర్రున తిరిగి డివైడరుకు కొట్టుకుంది. ఆ రోజు అతని ముప్పై నాలుగో పుట్టినరోజు. తండ్రి కిషన్ రావు, విద్యుత్ శాఖలో చేసి రిటైరైన పెద్దమనిషి, నిన్న ఆదివారం మేడ మెట్లు ఎక్కి వచ్చి ఒకే ఒక్క మాట అడిగాడు.

"నా కొడుకు బండికి పనికిరాని టైర్లు ఏసింది ఎవడో, వాని పేరు నాకు రుజువుతోని కాగితం మీద రాసియ్యండి మేడమ్. పోలీసోళ్ళు రేపు వాన్ని వదిలేసినా నేను వదల."

పోలీసులు ఆయనకు ఒక పేరు అప్పటికే చెప్పారు. అదే నగేష్. నారాయణగూడలో ఒక టైర్ల షాపులో ఫిట్టరు. మహబూబ్‌నగర్ వైపు నుంచి పన్నెండేళ్ళ కింద కూలికి వచ్చి, పనిలో పని నేర్చుకుని మంచి చేయి అనిపించుకున్నాడు. ఇప్పుడు ఆ చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఎన్ని టైర్లు ఏసినవ్?" అడిగింది అరుంధతి.

"రెండే మేడమ్. ముందటివి."

"ఎప్పుడు?"

"పుట్టినరోజుకు ముందటి శనివారం. పదకొండున్నరకు మొదలుపెట్టిన. పన్నెండుంబావుకు బండి బైటికి పోయింది."

"నాలుగు కాకుండ రెండే ఎందుకు?"

నగేష్ మొదటిసారి తలెత్తాడు. "గా సైజుల దొరకవు మేడమ్. పద్నాలుగు అంగుళాల చక్రం. పెద్ద కంపెనీలన్నీ ఆ సైజుకు పట్టుండే రబ్బరు చేసుడు బందు పెట్టినయ్. సుమంతన్న రెండు నెలలు తిరిగిండు. చక్రాలే మార్చి పదిహేనువి ఏద్దామన్న. వద్దన్నడు, బండి పుట్టినప్పుడు ఎట్లుందో గట్లనే ఉండాలన్నడు. మామూలు టైర్లు ఏసుకో అన్నా, మస్తు దినాలు వస్తయన్న. నాకు దినాలు వద్దు నగేష్, పట్టు కావాలె అన్నడు."

'నాకు దినాలు వద్దు' అన్న మాట నోట్లోంచి వచ్చాక గాని దాని బరువు అతనికి తెలిసినట్టు లేదు. మళ్ళీ తల దించుకున్నాడు.

"చెప్పు."

"ఆఖరుకు చెన్నైల ఒకాయన దగ్గర నాలుగున్నయని తెలిసింది. ఫొటోలు తెప్పించుకున్నడు. రెండు కొత్తయే, ఇంకో రెండు తయారై మూడేండ్లయిందట. అవి ముట్టనన్నడు. కొత్త సరుకు వచ్చినంక పంపుమన్నడు. ముందటి వాటిల గాలి కూడ నిలుస్తలేదని వచ్చిన రెండూ ముందట ఏసిన. ముందట కొత్తయి, వెనక అరిగినయి ఉంటే వానల బండి తోక తిప్పుతదన్నా, ఆ రెండు వచ్చేదాక తియ్యకు అని చెప్పిన. తియ్య అన్నడు. మాట తప్పే మనిషి కాదు మేడమ్."

"మరి ఇప్పుడు వెనక కూడ కొత్తయి ఉన్నయట, అవి ఎవరేసిండ్రు?"

"నాకేం తెల్సు. ఆ శనివారం నేను తీసిన ఫొటో ఉంది, వెనక చక్రాలు అరిగి నున్నగ కనబడ్తయి. ఫోన్ సారోళ్ళు తీసుకున్నరు." అతను గొంతు తగ్గించాడు. "నేను ఏయలేదని చెప్పేటోడు ఒక్కడే ఉండె. ఆయననే పోయిండు. మా చంద్రిక రెండు దినాలసంది గేటు కాడ నిలబడ్డది మేడమ్. ఇంటికి పొమ్మని చెప్పుండ్రి."

అరుంధతి ఏమీ హామీ ఇవ్వలేదు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు.

స్టేషన్ పెరట్లో సుమంత్ ఎర్ర కారు ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. ఆమె ముందు చక్రాల దగ్గర కూచుని బొటనవేలి గోరుతో రబ్బరు నొక్కింది. గోరు దిగింది. మెత్తటి, బతికున్న రబ్బరు. పక్కన నాలుగంకెలు, 1425. అంటే రెండువేల ఇరవై ఐదు, పద్నాలుగో వారం. తయారై నాలుగు నెలలు కూడా కాలేదు. టైరు తేలికగా ఉండే చోట కంపెనీ పెట్టే పసుపు చుక్క సరిగ్గా గాలి నింపే నాజిల్ దగ్గరికి వచ్చేలా నగేష్ బిగించాడు. చక్రం అంచు మీద ఒక్క గీత లేదు. మిషను మీద, పద్ధతి తెలిసినవాడు చేసిన పని.

వెనకవి కూడా అదే కంపెనీ, దాదాపు అదే నమూనా. కొత్త టైరు మీద వెంట్రుకల్లా ఉండే సన్నటి రబ్బరు నూగు ఇంకా అలాగే ఉంది. చూసిన ఎవరైనా కొత్తవే అంటారు. కాని గోరు దిగలేదు. గట్టిగా నొక్కితే గోరే నొప్పి పుట్టింది. పసుపు చుక్క నాజిల్‌కు ఎక్కడో దూరంగా ఉంది. చక్రం అంచంతా ఇనుప రాడ్లతో పీకిన గీతలు. రోడ్డు పక్క పంక్చర్ బండి పని. తారీఖు అంకెలు మాత్రం పైకి కనిపించలేదు.

"మేడమ్, బట్టలు ఖరాబైతయి," అన్నాడు వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ సాగర్, టీ గ్లాసు చేతిలో పట్టుకుని. రెండేళ్ళ కింద ఒక దొంగతనం కేసులో అతను పట్టుకున్నవాణ్ణి అరుంధతి నిర్దోషి అని తేల్చింది. అప్పట్నుంచీ ఆమెకు మర్యాదలో ఏ లోటూ చేయడు, సాయం మాత్రం చస్తే చేయడు.

"ఖరాబు కానియ్యండి," అంటూ ఆమె బురదలో వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగి ఫోను లైటు వేసింది.

అంకెలు లోపలి వైపు ఉన్నాయి. 2311.

ఆమె రెండోసారి చదివింది. రెండువేల పదకొండు. పద్నాలుగేళ్ళ నాటి టైరు. అంకెల పక్కన ఇంకేదో ఉంది. అక్షరాల సందుల్లో పసుపు, దాని మీద వరసగా మూడు కుంకుమ బొట్లు, మధ్యది పెద్దది, అటూ ఇటూ చిన్నవి. ఒక్కసారి పెట్టినవి కావు. ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా ఎండి, అడుగున నల్లబడి, పైన కొంచెం ఎర్రగా. రెండో చక్రానికీ అవే మూడు బొట్లు. అరుంధతి ఫొటోలు తీసుకుని బయటికి వచ్చింది.

"వెనకవి ఎప్పటివో తెలుసా మీకు?"

"కొత్తయే కదా. నూగు కూడ పోలే."

"కొత్తవి కావు. వాడనివి. తయారై పద్నాలుగేండ్లు. రబ్బరు ఎండి కట్టెలెక్క అయింది. ముందట పట్టు, వెనక జారుడు. ఆ వానల ఆ మలుపు తిరిగితే ఎవరు నడిపినా గదే అయితది."

సాగర్ ఒక గుటక టీ తాగాడు. తర్వాత అతని ముఖం విచ్చుకుంది. "అట్లయితే ఇంక మంచిది. పాత సరుకు కొత్తదని అంటగట్టిండు. ఇన్ని దినాలు నిర్లక్ష్యం అని రాసిన, ఇప్పుడు మోసం కూడ కలుపుత. షుక్రియా మేడమ్."

అరుంధతి చేతుల బురద తుడుచుకుంది. బురదలో పొర్లి తను సాధించింది నగేష్ మెడకు ఇంకో ముడి.

"నగేష్ ఫోన్ల ఫొటో చూడండి. శనివారం వెనక పాతయే ఉన్నయ్."

"చూసిన. శనివారం తర్వాత ఏసిండేమో. ఐదు దినాలున్నయ్ కదా."

"ఈ రాడ్ల గీతలు చూడండి. మిషన్ ఉన్న షాపోడు ఇట్ల పీకడు."

"అవన్నీ కోర్టుల చెప్పుకోండి. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకండి. మీరు వచ్చింది పోయినాయన తండ్రి తరఫున. మాట్లాడేది లోపల కూసున్నోని తరఫున. ఆ పెద్దాయనకు ఈ ముచ్చట తెల్సా?"

"నిజం ఎవరి దిక్కు ఉంటే నేను అటే, సాగర్ గారూ."

"నిజం ఎవరికి కావాలె మేడమ్? ఆయనకు ఒక పేరు కావాలె. నాకూ పేరే కావాలె. నాలుగింటి లోపల వేరే పేరు తెచ్చియ్యండి, రాసుకుంట. లేకుంటే వీని పేరు ఎట్లాగు రాసే ఉంది."

గేటు దగ్గర తలమీద కొంగు కప్పుకుని ఒకామె నిలబడి ఉంది. చంద్రికే అయ్యుండాలి. అరుంధతి ఆమె వైపు చూడకుండా ఆటో ఎక్కింది. అంత పిరికితనం తనలో ఉందని ఆమెకు ముందే తెలుసు.

దారి పొడుగునా ఆమె తలలో తిరిగింది ఆ మూడు బొట్లే. షాపులో కొత్త టైర్లకు పూజ చేస్తే బయటి వైపు చేస్తారు, ఒక్కసారే చేస్తారు. ఇన్ని పొరలు పడాలంటే ఆ టైర్లు ఏళ్ళ తరబడి ఎవరింట్లోనో ఉండాలి. ఏటా దసరాకు ఆయుధ పూజనాడు, ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప వస్తువుకూ బొట్టు పెట్టే చేయి ఏదో వాటికీ పెడుతూ వచ్చి ఉండాలి.

రెండూ పదికి ఆమె అశోక్‌నగర్‌లో కిషన్ రావు ఇంటి గడప దాటింది. మైల ఇల్లు. దేవుడి గది తలుపు మూసి ఉంది. కిషన్ రావు లోపల పడుకుని ఉంటే భార్య నళిని ఆమెను వంటింట్లోకే తీసుకుపోయి నీళ్ళిచ్చింది. ఐదు రోజులుగా ఏడ్చిన ముఖం. అయినా చేతులు అలవాటుగా గ్లాసు కింద పళ్ళెం పెట్టాయి.

అరుంధతి నీళ్ళు తాగలేదు. ఆమె చూపు మిక్సీ మీద ఆగిపోయింది. పసుపు, దాని మీద మూడు బొట్లు. మధ్యది పెద్దది, పక్కవి చిన్నవి. కిటికీ కింద కుట్టుమిషను మీదా అవే. గోడకు ఆనించిన ఇనుప నిచ్చెన మీదా అవే.

ఈ కేసు తనకు ఎందుకు వచ్చిందా అనిపించింది. ఇక్కడే లేచి వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరు. కాని స్టేషన్లో నాలుగింటికి ఇంక రెండు గంటలు కూడా లేదు.

"నళినమ్మా, ఈ బొట్లు మీరే పెడ్తరా?"

"నేనే. మా అత్తమ్మ నేర్పింది. ఏటా దసరకు పెట్టుడే."

"టైర్లకు కూడ పెట్టిండ్రా?"

నళిని వింతగా చూసింది. "అటక మీద ఉండె కదా నాలుగు. సుమంత్ కాలేజీల ఉన్నప్పుడు ఆ డొక్కు కారు కొనుక్కొచ్చిండు. ముందుగాల ఈయన మస్తు తిట్టిండు. తర్వాత పిల్లగాడు ముచ్చటపడ్డడని బొంబాయిల దోస్తుకు చెప్పి నాలుగు టైర్లు తెప్పిచ్చిండు. బండి ఇంజను లేవనే లేదు అప్పుడు. అవి దుప్పట్ల చుట్టి అటక మీద పెట్టినం. బండి సామానే కదా అని దసరకు దించి వాటికీ బొట్టు పెడ్తుంటి."

"ఇప్పుడు ఉన్నయా అక్కడ?"

"బుధవారం సాయంత్రం ఈయననే దింపిచ్చిండు. పుట్టినరోజు కదా, వానికి చెప్పకు అన్నడు."

తలుపు దగ్గర అలికిడయింది. కిషన్ రావు వచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి, నిన్నటికంటే పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు.

"పేరు దొరికిందా మేడమ్?" అన్నాడు.

అరుంధతి అతన్ని ముందు గదిలోకి తీసుకుపోయి కూచోబెట్టింది. ఇలాంటి మాట చెప్పడానికి మంచి పద్ధతి అంటూ ఉంటుందా అని వెతుక్కుంది. లేదు.

"బుధవారం సుమంత్ బండికి వెనక టైర్లు మీరే ఏయించిండ్రా?"

"అవును. మా వోడు ఆఫీసు నుంచి రాకముందే కవాడిగూడల పంక్చరాయన దగ్గరికి తీస్కపోయిన. ఆరున్నరకు ఏసిండు. అవి ఫారిన్ టైర్లు మేడమ్, ఒక్క కిలోమీటరు తిరగలేదు. పిల్లగాడు ఊరూరు తిరిగి ఎతుకుతుంటే ఇంట్లనే పెట్టుకుని చూస్కుంట ఎట్ల ఉండాలె?"

"మరి పోలీసులకు చెప్పలేదేం?"

"వాళ్ళు అడిగిందే లేదు. నగేష్ ఏసిన టైర్లు బాగలేవు, జారినయ్ అన్నరు. నావి కొత్తయి కదా, వాటి ముచ్చట ఎందుకు?"

"సుమంత్‌కు ఏమని చెప్పిండ్రు?"

కిషన్ రావు కండువా మడత సర్దుకున్నాడు. "అవి పారెయ్యుండ్రి నాన్నా, రబ్బరు చచ్చిపోయి ఉంటది అని రెండుసార్లు అన్నడు వాడు. కొత్త వస్తువు ఎవరన్న పారేస్తరా? అందుకే చిన్న అబద్ధం ఆడిన. పొద్దుగాల లేపి తాళం చేతికిచ్చి, టైర్లు వచ్చినయ్ రా, నగేష్ ఏసి పోయిండు, ఒక చక్కర్ కొట్టి రా అన్న. వాడు వంగి చూసిండు. మస్తు ఖుషీ అయిండు. నా కాళ్ళు మొక్కి పోయిండు."

వంగి చూశాడు. తారీఖు లోపలి వైపు ఉంది కాబట్టి కనపడలేదు. కనపడి ఉంటే ఆ బండి గేటు దాటేది కాదు.  

"రావు గారూ, నగేష్ ఏసిన ముందు టైర్లు మంచివే. జారినయి వెనకవి. పద్నాలుగేండ్లు అటక మీద వేడికి ఎండి రబ్బరు గట్టిపడ్డది. తిరిగినా తిరగకున్నా దానికి వయసైపోతది. సుమంత్ చెప్పింది నిజమే."

 అర్థం కానట్టు ఒకసారి, అర్థమైనట్టు ఒకసారి అతని పెదాలు కదిలాయి. ఏ పేరు కోసం మేడ మెట్లు ఎక్కాడో ఆ పేరు ఇంక కాగితం మీద రాయనక్కర్లేదు.

"లేదు," అన్నాడు మెల్లగా. "నేను ప్రేమతోని ఏయించిన మేడమ్."

"నాకు తెలుసు."

అతను గోడవారన కుర్చీలో వెనక్కి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. అరుంధతి టైము చూసుకుంది. రెండూ యాభై. ఈయన్ని స్టేషనుకు తీసుకుపోయి ఈ మాటే సాగర్‌కు చెప్పించాలి. ఎలా లేపను అనుకుంటుండగా, నళిని అన్న మాట ఒకటి ఆలస్యంగా తలకెక్కింది.

"సార్, అటక మీద నాలుగున్నయ్ అన్నరు. రెండు సుమంత్ బండికి ఏసిండ్రు. తతిమ్మా రెండు?"

అతను కళ్ళు తెరిచాడు. "మా కారుకు. దానికీ అదే సైజు. వెనకవి అరిగినయని ఆ పంక్చరాయనతోనే..." అతని మాట అక్కడే ఆగిపోయింది.

"కారు ఏది?"

సమాధానం వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. "సృజన్ తీస్కపోయిండు," అంది నళిని. సృజన్ ఆమె చిన్న కొడుకు. "బీచుపల్లికి, కృష్ణల అస్థికలు కలుపనీకి. చిన్న కోడలు అనూహ్యను ఇంట్ల ఉండమన్నా వినలే, వాని ఎంబడి పోయింది. పని అయిపోయిందట, తిరిగి వస్తుండ్రు. హైవే మీద వాన దంచుతున్నదని ఇప్పుడే మెసేజ్ పెట్టింది."

"ఫోన్ చెయ్యండి," అంది అరుంధతి.

కిషన్ రావు చేతిలోంచి ఫోను జారింది. ఆమే తీసి, అనూహ్య పేరు నొక్కి, స్పీకరులో పెట్టి అతని ముందు పట్టుకుంది. "ముందుగాల మెల్లగ స్పీడు తగ్గించుకుంట పక్కకు తియ్యమనండి. బ్రేకు గట్టిగ కొట్టొద్దనండి. ఎందుకో తర్వాత చెప్పొచ్చు."

రెండు రింగులకు ఎత్తారు. వెనక వాన హోరు, వైపర్ చప్పుడు.

"మామయ్యా, జడ్చర్ల దాటినం. స్పీకర్ల పెట్టిన, సృజన్ వింటుండు. చెప్పండి."

అరుంధతి చెప్పింది అతని చెవికి ఎక్కిందో లేదో తెలియదు. ఐదు రోజులు ఎవణ్ణో పట్టుకుని కొట్టాలని బిగించుకున్న గుండె ఒక్కసారిగా తెగిపోయింది.

"సృజన్, బిడ్డా, అన్న బండికి ఆ టైర్లు ఏయించింది నేనే రా. నేనే చంపుకున్న వాన్ని. మీ బండికీ అవే ఉన్నయి రా. ఆపు, బండి ఆపు."

"ఏంది నాన్నా?" అన్నాడు సృజన్.

"బ్రేకు కొట్టకు," అని అరిచింది అరుంధతి. ఆ మాట పూర్తికాక ముందే ఫోనులోంచి రబ్బరు తడి రోడ్డు మీద జారుతున్న చప్పుడు వచ్చింది. పొడుగ్గా, ఎంతకీ ఆగకుండా వచ్చింది. తర్వాత ఒక లారీ హారన్. తర్వాత ఏదో దేనికో తగిలింది.

"అనూహ్యా," అంది నళిని గుమ్మంలోంచే. "అనూహ్యా, ఏమైంది? ఎవరూ మాట్లాడ్తలేరేంది?"

కాల్ కట్ కాలేదు. తెర మీద సెకన్లు మారుతూనే ఉన్నాయి. అవతల వాన పడుతోంది, వైపర్ అటూ ఇటూ తిరుగుతోంది, మనిషి గొంతు మాత్రం వినపడలేదు.